చచ్చిన రొయ్య సాక్ష్యం

పోయిన వారం మీరు పత్రిక మడిచి దిండు కింద పెట్టుకునే వేళకు షామీర్‌పేట బంగ్లా హాల్లో రెండు రొయ్యలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఈ వారం తెరిచేసరికి అవి లేచి కూర్చుంటాయని ఆశపడ్డవారు ఎవరైనా ఉంటే క్షమించాలి. రొయ్యకు మీసాలైతే ఉన్నాయి గానీ, చచ్చాక మెలేసేంత పౌరుషం లేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవారికి నాలుగు ముక్కలు. మేడ్చల్ నరసింహ భూములున్న ఆసామి. మొదట వరి వేశాడు. తర్వాత ద్రాక్ష వేశాడు. ఆ తర్వాత రాళ్లు వేశాడు. హద్దురాళ్లు. వరి కంటే, ద్రాక్ష కంటే రాళ్లే బాగా పండాయి. పొలాలు పోయి ప్లాట్లు వచ్చాయి, పాట్లు మాత్రం పాతవాళ్లకే మిగిలాయి. ఇప్పుడు రెండువేల ఆరు ఎండాకాలం. ఆరు నెలల కిందట షామీర్‌పేట చెరువుకు కూతవేటు దూరంలో 'నీలాంబుధి నగర్' అని వెంచర్ వేసి, నమూనాకు ఒక బంగ్లా కట్టి, దాని హాల్లో ఎనిమిదడుగుల గాజు తొట్టి పెట్టి, అందులో సముద్రాన్ని పోయించాడు. రెండు వందల మైళ్ల అవతల ఉన్న సముద్రం అద్దె లేకుండా వచ్చి హాల్లో కూర్చుంది. పగడాలు, నత్తలు, ఎర్రచారల రొయ్యలు, నారింజ రంగు చేపలు. చూసినవాళ్లు నోళ్లు తెరిచేవారు. నోళ్లు తెరిచినప్పుడే జేబులూ తెరుచుకుంటాయని నరసింహ సిద్ధాంతం.

ఆ తొట్టికి కాపరి గండయ్య. మూడు తరాలుగా వాళ్ల ఇంటి వలలు షామీర్‌పేట చెరువులోనే నానాయి. చెరువు ఎండుతూ ఎండుతూ చివరికి గండయ్య డొక్కల్లోకి వచ్చి చేరింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గుడిసె కూడా పోయింది. "చేపలు తెల్సినోనివి గదా, నా చేపల్ని జూస్కో" అని నరసింహ పిలిచి, పంపుషెడ్డు వెనక ఒక గది ఇచ్చాడు. చేపలు పట్టేవాణ్ని చేపలకు కాపలా పెట్టడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమే. కాకపోతే ఈ దొంగ తాళం వేయడం శ్రద్ధగా నేర్చుకున్నాడు. మొదట్లో ఉప్పు సరిపోయిందో లేదో అని వేలు ముంచి నాకి చూసేవాడు. "తాతా, అది పప్పుచారు కాదు, పసిఫిక్కు" అని తొట్టి పెట్టిన చక్రపాణి ఉప్పు కొలిచే ఒక తేలే గాజుగొట్టం చేతికిచ్చాడు. ఎండకు నీళ్లు ఆవిరైతే పోయేది నీళ్లే గానీ ఉప్పు కాదనీ, తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలనీ, ఉప్పునీళ్లు పోస్తే సముద్రం కాస్తా ఊరగాయ అవుతుందనీ చెప్పాడు. గండయ్య ఆ మాటను గంగమ్మ మాటగా పాటించాడు.

షరతు ఒక్కటే. మొదటిరోజే నరసింహ వేలు చూపించి చెప్పాడు. "తొట్టి బతికితే గది ఉంటది. తొట్టి సస్తే గది పోతది."

ఆ గదిలో గండయ్యతోపాటు కోడలు రోజారాణి ఉంటోంది. ఏడో నెల. కొడుకు ఆకాశ్ గాజులరామారంలో ఎనిమిది మందితో కలిసి ఒక గదిలో ఉంటూ, జీడిమెట్లలో పనిచేస్తూ, శనివారాలు వచ్చిపోయేవాడు. మూడు వారాల కిందట, పాత బోరు ఎండి కొత్త బోరు వేస్తున్న రోజున వచ్చాడు. రిగ్గు బండి ఎక్కడ నిలబడిందో చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. "పెట్టె సర్దు, పోదాం" అని పెళ్లాన్ని తొందరపెట్టాడు. ఎందుకంటే చెప్పలేదు. ఎనిమిది మంది మగవాళ్ల మధ్య కాన్పు ఎట్లా అని రోజారాణి కదల్లేదు. ఆకాశ్ అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇక ఈ మంగళవారం పొద్దున్నకు వద్దాం.

*

గండయ్య హాల్లోకి అడుగు పెట్టేసరికి పంపుల హోరు ఎప్పటిలాగే ఉంది. నీలం దీపాలు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. బతుకు మాత్రం ఎప్పటిలా లేదు. రొయ్యలు నిన్న పడిన చోటే పడి ఉన్నాయి. గాజుకు అంటుకుని పాకే నత్తలు అడుగున రాలిపడి, బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. పొద్దున్నే పువ్వుల్లా విచ్చుకునే పగడాలు పిడికిళ్లు బిగించాయి. చేపలు మాత్రం తిరుగుతున్నాయి. అదే గండయ్యకు అంతు చిక్కలేదు. చెరువు చెడితే ముందు చేప తేలుతుంది. ఇక్కడ ఎముకలున్నవి తిరుగుతుంటే ఎముకలు లేనివన్నీ వరసబెట్టి పోయాయి. ఎవరో ఏరి ఏరి చంపుతున్నట్టు.

బయట కారు ఆగింది. నరసింహ దిగాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్లచెప్పులు. చంకలో సీలు తీయని మంచినీళ్ల బాటిలు. ఊళ్లో బోరు ఎవరిదైనా, తాగేది మాత్రం సీలుదే.

"ఏందిది గండయ్యా?"

"సచ్చినయ్ పటేలా."

"సచ్చినయని నాగ్గూడ కండ్లున్నయ్. ఎందుకు సచ్చినయ్?"

"గదే సమజ్ గాక పరేషాన్ల వడ్డ."

"నీ పరేషానీ నువ్వు పండవెట్టుకో. శుక్రారం మూడు బస్సుల జనం వస్తాండ్రు. సముద్రం జూపిస్త రమ్మని నోటీసులు పంచిన. గీ పీనుగుల్ని జూపియ్యాల్నా? మా ఇంటామె సుశీల పూలోనితోటి మాట్లాడి వెనక వస్తాంది, తోరణాలకు గుమ్మం కొల్వనీకి. తోరణం గట్టాల్నా, పాడె గట్టాల్నా చెప్పు మల్ల."

ప్రపంచంలో ఎక్కడో ఒక మృతసముద్రం ఉందని నరసింహ ఏడో తరగతి భూగోళంలో చదివాడు. అది తన హాల్లోనే వెలుస్తుందని ఏ పంతులూ చెప్పలేదు.

యాప్రాల్ నుంచి చక్రపాణి వ్యాను గంటలో వచ్చింది. చక్రపాణి మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. చేతిలో పెట్టె, పెట్టె నిండా చిన్న సీసాలు. రొయ్యను చెంచాతో తీసి కాగితం మీద పెట్టాడు, శవపంచనామాకు వచ్చిన అమీనులాగా. తొట్టి నీళ్లు గొట్టంలో పట్టాడు. ఒక మందు చుక్క. ఉప్పు సరే. ఇంకో చుక్క. కుళ్లు లేదు. మరో చుక్క. సున్నం సరే. చివరిది, పెట్టె అడుగున ఎప్పుడూ వాడని సీసా. దాన్ని దులిపి ఐదు చుక్కలు వేసి ఊపాడు.

గొట్టంలో నీళ్లు నెమ్మదిగా నీలం తిరిగాయి.

చక్రపాణి పెట్టెలోంచి ఒక అట్టముక్క తీశాడు. దాని మీద లేత నీలం నుంచి ముదురు నీలం దాకా గళ్లు. గొట్టాన్ని గళ్ల మీద జరుపుకుంటూ పోయి మధ్యలో ఆపాడు.

"రాగి" అన్నాడు.

"ఏం రాగి? రాగి ముద్దనా?" అన్నాడు నరసింహ.

"రాగి బిందె రాగి సార్. ఇంగ్లీషుల కాపర్. రొయ్యకు, నత్తకు, పగడానికి రాగి అంటే విషం. కొంచెం కలిసినా పోతయ్. చేపలు కొన్నిరోజులు ఓర్చుకుంటయ్. ఓర్చుకుంటయంటే, వాటి వంతు తర్వాత వస్తది." చక్రపాణి గాజు మీద వేలితో తట్టాడు. ఒక నారింజ చేప ఆ వేలిని చూసింది. "తొట్టిల ఎవరన్న రాగి ఏసిండ్రా?"

కాపరి గుండెలో కాపర్ ముల్లులా దిగింది. ఆరు నెలల కిందట, తొట్టి మొదటిసారి నిండిన రోజు గండయ్యకు గుర్తొచ్చింది. చెన్నై నుంచి థర్మాకోల్ పెట్టెల్లో, తడి వార్తాపత్రికలు చుట్టుకుని, సముద్రపు జీవాలు అంటుకున్న 'బతికున్న రాళ్లు' దిగాయి. ఒక్కో రాయినీ పసిపిల్ల తలలా పట్టుకుని లోపల పెట్టాడు. అందరూ చాయ్‌కి బయటికి వెళ్లినప్పుడు, ఎవరూ చూడకుండా, రాళ్ల వెనక ఒకటి వేశాడు. కొత్త నీళ్లలో వల దించే ముందు తాత వేశాడు, తండ్రి వేశాడు. ఉప్పునీళ్లయినా మంచినీళ్లయినా గంగమ్మ గంగమ్మే కదా.

అబద్ధం ఆడొచ్చు. ఎవరూ చూడలేదు. కానీ గంగమ్మ చూసింది.

"నేనేసిన" అన్నాడు గండయ్య.

"ఏంది?"

"పైసా. గంగమ్మకు ముడుపు. మా తాతలనాటి రాగి పైసా."

నరసింహ బాటిలును బల్ల మీద పెట్టాడు. చాలా నెమ్మదిగా పెట్టాడు. అరిచే మనిషి అరవకపోతే భయం ఎక్కువ.

"ఒక్క పైసాతోని సముద్రాన్ని సంపినవ్ గండయ్యా. షాబాష్. చెరువు ఎండవెట్టనీకి మాకు ఇరవై ఏండ్లు వట్టింది. నువ్వు ఒక్క పైసాతోని పని ఖతం జేసినవ్." గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. "పొద్దుగూకే లోపట గది ఖాళీ జెయ్."

"కోడలు ఏడు నెలల మనిషి పటేలా. యాడికి వోవాలె?"

"గంగమ్మనడుగు. పైసా తీసుకున్నది గద. జవాబు గూడ చెప్తది."

గండయ్యకు గండం పేరులోనే ఉందని చిన్నప్పుడు ఒక జోస్యగాడు చెప్పాడు. పేరులో ఉన్నది ఊళ్లోకి, ఊళ్లోంచి ఇంట్లోకి వచ్చింది. గండయ్య తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, తిట్టుడు తర్వాత" అన్నాడు చక్రపాణి. "ముందుగాల పైసా బయటికి తియ్యాలె. అది లోపల ఉన్నంతసేపు ఇడుస్తనే ఉంటది. తాతా, యాడ ఏసినవో తీయి."

గండయ్య చొక్కా విప్పి భుజం దాకా చెయ్యి ముంచాడు. రాళ్ల వెనక, ఇసక లోపల, వేళ్లకు గుండ్రంగా తగిలింది. బయటికి తీసి అరచేతిలో పెట్టి చాపాడు.

నిమ్మకాయంత ఉండ. పసుపు తిరిగి, పైన నాచు పట్టి.

"ఇదేంది? పైసా ఏది?"

"లోపట ఉన్నది సారూ. మైనంల వెట్టి ముడుస్తం. ఒట్టి పైసా ఏస్తే మెరుపు జూసి చేప మింగుతది, సస్తది. ముడుపుకు చేప సావొద్దు. తేనెమైనం కాగవెట్టి, ముంచి, మల్ల ముంచి, మల్ల ముంచి..."

చక్రపాణి జేబులోంచి చిన్న కత్తి తీసి ఉండను కోశాడు. జున్నుగడ్డలా రెండు చెక్కలయింది. నడుమ పైసా. ఎర్రగా, పొడిగా, నిన్న టంకశాలలోంచి వచ్చినట్టు. చక్రపాణి దాన్ని బొటనవేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు. చుక్క తడి లేదు.

"సార్" అన్నాడు. ఆ గొంతు ఇంకా సన్నబడింది. "ఈ పైసాకు నీళ్లు తగల్నే లేదు."

గండయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లలో నీళ్లు తిరిగాయి. అవీ ఉప్పునీళ్లే, గొట్టంతో కొలవనక్కరలేనివి. తాత మూడుసార్లు ఎందుకు ముంచమన్నాడో అరవై రెండేళ్లకు తెలిసొచ్చింది. చేప కోసం ముంచిన మైనం ముసలివాణ్ని ఒడ్డున వేసింది.

ఒడ్డున పడ్డానని గండయ్య అనుకున్నాడు గానీ, అది ఒడ్డు కాదు. మొసలి వీపు.

*

"మరి రాగి యాడికెల్లి వచ్చినట్టు?" అన్నాడు నరసింహ. అడిగిన తీరు చూస్తే జవాబు అక్కర్లేనివాడిలా ఉంది.

చక్రపాణి తొట్టి చుట్టూ తిరిగాడు. పంపులు ప్లాస్టిక్కు. పైపులు ప్లాస్టిక్కు. నురుగు తీసే గొట్టం ప్లాస్టిక్కు. తిరిగి తిరిగి మూల దగ్గర ఆగాడు. అక్కడ చుక్క చుక్కగా నీళ్లు వడగట్టే తెల్లటి ఫిల్టరు డబ్బా ఉండాలి. డబ్బా ఉంది. దానికి తగిలించాల్సిన గొట్టం మాత్రం ఊడదీసి ఉంది. గోడలోంచి ఒక ఆకుపచ్చ పైపు నేరుగా తొట్టి మీదికి వచ్చింది.

"తాతా, తగ్గిన నీళ్లు దీంతోటి పోస్తున్నవా?"

"మూడు వారాలసంది. కొత్త బోరు వడ్డంక పటేలే పైపు గుంజిపిచ్చిండ్రు."

"గా డబ్బా దినమంత కూసోని బిందెడు నీళ్లియ్యదు!" అని నరసింహ అందుకున్నాడు. "దానికి మూడు బిందెలు మోరీపాలు. మన బోరు నీళ్లకేమైంది? కొబ్బరినీళ్లు! కొబ్బరికాయ చేతిల వట్టుకొని నడుస్తుంటే కాయ నిట్టనిలువు నిలవడ్డది. గా జాగలనే ఏసినం. మూడు వందల ఫీట్లకే ఫౌంటెనోలె ఎగజిమ్మింది."

కొబ్బరికాయ నీళ్లున్న చోటే నిలబడుతుందట. ఆ నీళ్లలో ఏమున్నదో చెప్పే కాయ ఇంకా కాయలేదు.

చక్రపాణి కొత్త గొట్టం తీసుకుని ఆకుపచ్చ పైపు తిప్పి నింపాడు. ఐదు చుక్కలు వేశాడు. ఊపనక్కరలేకపోయింది. చుక్క పడిన చోటునుంచే నీలం పొగలా దిగింది. గొట్టం నిండా కమ్ముకుంది. అట్టముక్క మీద మధ్యగడి దాటింది. ఆఖరు గడి దాటింది. అట్ట అయిపోయింది, రంగు అయిపోలేదు.

"ఇంత నీలం వీళ్లు అచ్చేయలేదు సార్" అన్నాడు చక్రపాణి.

ఎవరూ నవ్వలేదు.

"గీ నీళ్లు..." గండయ్య ఆకుపచ్చ పైపు వైపు చూశాడు. "గీ నీళ్లు మనుషులు తాగొచ్చునా సారూ?"

"నేను చేపల డాక్టర్ను తాతా." చక్రపాణి సీసాలు సర్దసాగాడు. "రాగి ఒక్కటే అయితే అంత భయం లేదు. మనిషి ఒంటికి కొంచెం రాగి కావాలె గూడ. కానీ రాగి ఒక్కతే పుట్టింట్లకెల్లి నడుసుకుంట రాదు. దాని వెంట ఎవరెవరు వచ్చిండ్రో చూడనీకి నా పెట్టెల సీసాల్లేవు. పెద్ద ల్యాబుకు పంపాలె. సార్, అప్పటిదాకా ఆ మోటరు బంద్ వెట్టించుండ్రి."

"చక్రపాణీ, రా. గేటు దాక సాగనంపుత" అని నరసింహ అతని భుజం మీద చెయ్యి వేశాడు. స్నేహం కొద్దీ వేసిన చెయ్యే. కానీ చక్రపాణి భుజం ఒక పక్కకు వంగింది. ఇద్దరూ మెట్లు దిగి వ్యాను దగ్గర నిలబడ్డారు. నరసింహ వెంచర్ అంతా చెయ్యి తిప్పి చూపించాడు. ఇల్లు, ఇల్లు, ఇంకో ఇల్లు. ఒక్కో ఇంటికి ఒక్కో తొట్టి. చక్రపాణి మొదట తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఊపడం మానేశాడు. ఆ తర్వాత వ్యాను వెళ్లిపోయింది. పరీక్ష చేసిన గొట్టం మాత్రం తొట్టి అంచున, నీలంగా, మరిచిపోయినట్టు నిలబడి ఉంది. మరిచిపోయాడో, మరవకూడదని పెట్టాడో.

కిటికీలోంచి చూస్తూ గండయ్య బోరు వైపు తల తిప్పాడు. పంపుషెడ్డు. దాని పక్కన ఎర్రమట్టి దిబ్బ. దిబ్బ మీద కొత్తగా నాటిన గడ్డి. ఆ గడ్డి మూడు వారాల్లో రెండుసార్లు మాడితే రెండుసార్లు మార్చారు. గడ్డి కింద ఏముందో ఊళ్లో పాతవాళ్లకు తెలుసు. నరసింహ తండ్రి నాటి మోటబావి. గండయ్య పిల్లవాడిగా అందులో ఈత కొట్టాడు. ద్రాక్షతోట ఎండిన ఏడు బావి కూడా ఎండింది. ఆ తర్వాత ఒక ఏడాదంతా టాంకర్లు వచ్చేవి. తోటకు నీళ్లు తెస్తున్నారని చెప్పుకునేవారు.

నీళ్ల టాంకరు బావిలోంచి తోడాలి గానీ, బావిలోకి ఎందుకు దింపుతుంది?

ఎనిమిదేళ్లకు ఆ ప్రశ్న గండయ్య బుర్రలో నిట్టనిలువుగా నిలబడింది, కొబ్బరికాయలా.

*

నరసింహ తిరిగొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. సోఫాలో కూర్చున్నాడు. గండయ్యను కూడా కూర్చోమన్నాడు. ఈ ఆరు నెలల్లో, ఆ మాటకొస్తే అరవై ఏళ్లలో, ఆ ఇంటివాళ్లెవరూ గండయ్యను కూర్చోమనలేదు. గండయ్య నిలబడే ఉన్నాడు.

"కోపంల ఏదో అన్న గండయ్యా. మనసుల వెట్టుకోకు. గది యాడికి పోదు."

"మంచిది పటేలా."

"పోవుడు కాదు, నీ పేరు మీద రాసిస్త. గది, దాని ముంగట రెండు గుంటల జాగ. నీ కోడలు గా గదిల్నే కనాలె, నీ మనుమడు గా జాగల్నే ఆడాలె. ఇగ నిన్ను లెమ్మనేటోడు ఉండడు. సాల్నా?"

చాలదా? గండయ్య జన్మలో ఎవరైనా అతనికి రాసిచ్చింది నుదుటి రాత ఒక్కటే. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గుమ్మానికి పసుపు రాసిన గది, ముందు సొరపాదు, పాదు కింద బోర్లాపడ్డ పసిగుడ్డు కళ్లకు కట్టాయి. అబద్ధమెందుకు, ఆశ పుట్టింది.

"నన్నేం జెయ్యమంటరు?"

"ఏం లేదు. పైసా సంగతి నువ్వే ఒప్పుకున్నవ్ గద. గదే మాట మీదుండు. శుక్రారం ఎవరన్న అడిగితె, ముసలోణ్ని, తెల్వక రాగి పైసా ఏసిన, సచ్చినయ్ అను. అందరు నవ్వుతరు. నవ్విపోతరు. కొత్త రొయ్యలు తెప్పిస్త. డబ్బా నీళ్లే పోద్దాం."

"పైసాకు తడి తగల్లేదు పటేలా."

"తగిలింది అంటె తగుల్తది."

"మరి మోటరు?"

నరసింహ బాటిలు మూత తిప్పాడు. సీలు విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది.

"మోటరు బంద్ వెడితే ఎందుకు బంద్ వెట్టినవని అడుగుతరు. నలభై మంది అడ్వాన్సులు ఇచ్చిండ్రు. ఉప్పు తిన్నవ్ గండయ్యా. తిన్న ఇంటిని రోడ్డు మీదికి గుంజకు."

ఉప్పు తిన్న మాట నిజమే. తొట్టిలోది కూడా నాకాడు. కానీ ఉప్పు ఇచ్చినవాడు ముప్పు కూడా కలిపిస్తే ఏ శాస్త్రం చూసి రుణం తీర్చాలి? గండయ్య అరచేయి తెరిచాడు. పైసా ఇంకా అక్కడే ఉంది. గట్టిగా మూశాడు.

"పటేలా, ఒక్క మాట అడుగుత. గా మోటబావిల ఏం పోయిపిచ్చిండ్రు?"

నరసింహ కోప్పడతాడనుకున్నాడు. కోప్పడలేదు. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, నవ్వాడు. ఇష్టమైనవాళ్ల ఇంట్లో పెళ్లికబురు చెప్పేవాడి నవ్వు.

"నాకేం తెలుసు? ఏదో ఫ్యాక్టరీ నీళ్లు. జాగ అడిగిండ్రు, ఇచ్చిన. టాంకర్లు వచ్చేటియ్, పోయేటియ్. పైపు వట్టి బావిలకు దింపేటోణ్ని అడుగు, ఎర్రగుంటుండెనో పచ్చగుంటుండెనో చెప్తడు."

"ఎవరు వాడు?"

"నీకు తెల్వదా?" నరసింహ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "టాంకరు మీద క్లీనరు పని. మస్తు చురుకైన పోరడు. పద్దెనిమిదేండ్లుంటయేమో అప్పుడు. ఇప్పుడు జీడిమెట్లల చేస్తాండు. మొన్న రిగ్గు బండిని జూసి నీకు తెల్వకుంట నా మీదికి లేసిండు, పెట్టె సర్దు అని పెండ్లాం తోటి లొల్లి వెట్టుకున్నడు గద..."

గండయ్య చేతిలోంచి పైసా జారి గచ్చు మీద పడింది. గుండ్రంగా తిరిగి తిరిగి, తొట్టి కిందికి దొర్లి, ఎక్కడో పడుకుంది.

"లోకానికి చెప్పుదామంటె చెప్పు గండయ్యా. నేనొద్దన్ననా? పోలీసులు నన్ను అడుగుతరు, నేను జాగ ఇచ్చిన అంట. పోసినోడు ఎవరంటరు. పేరు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?"

తొట్టిలో నారింజ చేప ఒకటి పక్కకు వాలింది. మళ్లీ సర్దుకుంది. దాని వంతు వస్తోంది.

తలుపు తోసుకుని రోజారాణి వచ్చింది. ఒక చేత్తో నడుము పట్టుకుని, ఇంకో చేత్తో స్టీలు చెంబు. చెంబు అంచులదాకా నీళ్లు, కదిలినప్పుడల్లా తొణుకుతున్నాయి. ఎండలో నడిచొచ్చిన మొహం ఎర్రగా ఉంది. పెదాలు తడిగా ఉన్నాయి. ఇప్పుడే తాగొచ్చింది.

"పటేలా దండం. ఎప్పుడనంగ వచ్చిండ్రు, మంచినీళ్లన్న ఇయ్యలేదని వచ్చిన. తడిగుడ్డ సుట్టిన కుండల నీళ్లు. సల్లగుంటయ్."

మంచినీళ్లు. ఆ పేరు పెట్టినవాడెవడో షామీర్‌పేటలో బోరు వేయలేదు.

నరసింహ చెంబు వైపు చూశాడు. గండయ్య వైపు చూశాడు. "ముందుగాల మీ మామకియ్యి బిడ్డా. ఆయనకు నోరెండుకపోయింది" అన్నాడు.

రోజారాణి చెంబు చాపింది. గండయ్య రెండు చేతులా అందుకున్నాడు. చల్లగా ఉంది. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున తన ముఖమే కనిపించింది. తాగితే గది. తాగకపోతే కొడుకు జైలుకు.

"ఇయ్యాల ఏం ఎండలు తల్లీ, పాణం పోతాంది!"

గుమ్మంలోంచి సుశీల వచ్చింది. కొంగుతో విసురుకుంటూ, చేతిలో తోరణాల కొలత తాడు పట్టుకుని, పూలవాణ్ని తిడుతూ, చెమటలు కక్కుతూ. నరసింహ భార్య మనసులో ఏదీ దాచుకోదు. అలాగే దాహమూ దాచుకోలేదు. "ఇటియ్యి గండయ్యా, నువ్వు మల్ల తాగుదువు" అని అతని చేతుల్లోంచి చెంబు లాక్కుంది.

గండయ్య నరసింహ వైపు చూశాడు. నరసింహ గండయ్య వైపు చూశాడు. తొట్టి అంచున గొట్టంలో నీలం కదలకుండా ఉంది. 'తాగొద్దు' అన్న ఒకే మాట ఇద్దరి నాలుకల మీదా నిలబడింది. అది గండయ్య నోట్లోంచి బయటికొస్తే కొడుకు లోపలికి పోతాడు. నరసింహ నోట్లోంచి బయటికొస్తే నీలాంబుధి నగర్ నీళ్లపాలవుతుంది. ఆ నీళ్లపాలే.

"ఏమైంది, ఇద్దరు గట్ల గుడ్లప్పగిచ్చి చూస్తాండ్రు?" అంది సుశీల. నవ్వింది. చెంబు ఎత్తింది. అంచు పెదవికి తగిలింది.

ఇద్దరిలో ఒకరు నోరు తెరిచారు.

(సశేషం)